పెరటి తీగలో పదిలమైన స్వాస్థ్యం

యెజ్రెయేలులో రాజభవనం పక్కనే నాబోతుకు ఒక ద్రాక్షతోట ఉండేది. రాజైన అహాబు దానిని అడిగాడు. ఊరికే ఇమ్మనలేదు. ఇంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, అది ఇష్టం లేకపోతే సొమ్మిస్తానన్నాడు. లోకం లెక్కలో అది లాభసాటి బేరమే. పైగా అడుగుతున్నది రాజు. అయినా నాబోతు ఒప్పుకోలేదు. పితరుల నుంచి వచ్చిన స్వాస్థ్యాన్ని వదులుకోవడం దేవుని ఎదుట తగదన్నాడు. ఆ మాటకు ప్రాణమే మూల్యంగా చెల్లించాడు. 1 రాజులు 21వ అధ్యాయంలోని ఈ సంగతి మనలో చాలామందికి సండే స్కూలు రోజుల నుంచీ తెలిసిందే.

అందులో ఒక వివరం మాత్రం తరచూ మన కంటపడదు. అహాబు ఆ తోటను ద్రాక్షపండ్ల కోసం కోరలేదు. తీగలు తీసేసి కూరతోట వేసుకోవాలనుకున్నాడు. కూరమడి ఏ ఏటికి ఆ ఏడు కొత్తగా వేసుకోవచ్చు. ద్రాక్షతోట అలా కాదు. నాటిన మూడు నాలుగేళ్ళకు గాని సరైన కాపు రాదు. ఒకసారి కుదురుకున్నాక తండ్రి నాటిన తీగ నుంచి కొడుకు, మనవడు కూడా పండ్లు కోస్తారు. అంటే రాజు అడిగింది ఒక చెక్క నేలను కాదు, తరాలుగా వచ్చిన ఒక వరుసను. నాబోతు తెగిపోనివ్వనన్నది ఆ వరుసనే.

నాబోతులా మాట్లాడిన కుటుంబాలు మన కాలంలోనూ ఉన్నాయి. పెరట్లోని నాలుగు తీగల కోసం చక్రవర్తులకూ, ప్రభుత్వాలకూ, మార్కెట్టుకూ ఎదురు నిలిచిన కుటుంబాలవి. వారి దేశం జార్జియా. అమెరికాలో మన తెలుగువారు స్థిరపడిన జార్జియా రాష్ట్రం కాదిది. నల్ల సముద్రానికి తూర్పున, కాకేసస్ పర్వతాల ఒడిలో ఉన్న చిన్న దేశం. వైద్యవిద్య కోసం మన పిల్లలు కొందరు వెళుతున్న త్బిలిసి దాని రాజధాని. వైశాల్యంలో తెలంగాణ కంటే చిన్నది, జనాభా నలభై లక్షల లోపే. ఇంత చిన్న నేలలో పుట్టి పెరిగిన ద్రాక్ష రకాలు మాత్రం 500కు పైనే ఉన్నాయి.

నోవహు నాటి పంట

జలప్రళయం తరువాత ఓడ అరారాతు కొండలపై నిలిచిందనీ, నోవహు సేద్యం ఆరంభించి ద్రాక్షతోట వేశాడనీ ఆదికాండం చెబుతుంది. ఇప్పుడు అరారాతు అని పిలుస్తున్న శిఖరం టర్కీ తూర్పు అంచున ఉంది. దానికి ఉత్తరంగా ఆర్మేనియా, ఆ పైన జార్జియా. ద్రాక్షను మనిషి మొదట మచ్చిక చేసుకున్న ప్రాంతాల్లో ఇది ఒకటని శాస్త్రవేత్తలు కూడా చెబుతున్నారు. త్బిలిసికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో గదాచ్‌రిలి గోరా, షులావెరిస్ గోరా అనే పాటిమట్టి దిబ్బలున్నాయి. అక్కడి తవ్వకాల్లో దొరికిన మట్టికుండల పెంకులను పరీక్షిస్తే ద్రాక్షరసానికి గుర్తయిన టార్టారిక్ ఆమ్లపు జాడలు కనిపించాయి. ఆ కుండలు క్రీస్తుకు పూర్వం 6000 నుంచి 5800 మధ్య కాలానివి. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంటే ఆ నేలమీద ద్రాక్షరసం తీయడం సుమారు 8000 ఏళ్ళుగా సాగుతోందన్నమాట.

క్రీస్తు సువార్త 4వ శతాబ్దంలో జార్జియా చేరింది. అక్కడ సువార్త చెప్పిన నీనో అనే స్త్రీ రెండు ద్రాక్ష కొమ్మలను తన తలవెంట్రుకలతో కట్టి సిలువ చేసుకుందని వారి సంప్రదాయం చెబుతుంది. ఆ కథను మనం ఎలా తీసుకున్నా, ఒక జాతి తన విశ్వాసాన్నీ తన తీగనూ విడదీసి చూడలేదనడానికి అది గుర్తు. అక్కడివారిలో అత్యధికులు నేటికీ ఆర్థడాక్సు సంఘానికి చెందిన క్రైస్తవులు.

గింజ నాటితే రాని రకం

ఇక్కడ ద్రాక్ష గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ వ్యాసానికి అదే ఆయువుపట్టు. వడ్లు చల్లితే వరి వస్తుంది, ఏ రకం చల్లితే ఆ రకమే పండుతుంది. ద్రాక్ష అలా కాదు. ఒక మంచి పండులోని గింజను నాటితే మొలకైతే వస్తుంది గాని తల్లి రకం రాదు. పులుపో, వగరో, చిన్న గుత్తో, ఏదో కొత్తది వస్తుంది. అదే రకం కావాలంటే ఆ తీగ నుంచి ఒక కొమ్మ కోసి నాటాలి, లేదా అంటు కట్టాలి. మరో దారి లేదు.

దీని అర్థం ఏమిటి? వెయ్యేళ్ళ నాటి ఒక రకం నేడు బతికి ఉందంటే, ఈ వెయ్యేళ్ళలో ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కత్తి పట్టుకుని వెళ్ళి, కొమ్మ కోసి, నేలలో గుచ్చి, నీళ్ళు పోశారన్నమాట. ఒక్క తరం వారు తమకెందుకులే అనుకున్నా ఆ రకం అక్కడితో సరి. గింజలు దాచిపెట్టుకుని తరువాత తీరిగ్గా నాటుకుందామంటే కుదరదు. చేతి నుంచి చేతికి అందాలి.

యెషయా 5వ అధ్యాయంలో ఒక ద్రాక్షతోట ఉంది. దాని యజమాని నేల బాగా త్రవ్వి, రాళ్ళు ఏరి, శ్రేష్ఠమైన తీగలు నాటించాడు. అక్కడ హెబ్రీ మూలంలో వాడిన మాట శోరేక్. అది మేలుజాతి ద్రాక్షకు పేరు. న్యాయాధిపతుల గ్రంథంలో దెలీలా ఉన్న శోరేకు లోయ పేరు కూడా ఆ మాటే. ప్రవక్త ఏదో ఒక తీగ అనలేదు, జాతి చెప్పాడు. ఎంచి నాటిన తోటలో చివరికి కారుద్రాక్షలు కాయడమే ఆ యజమాని దుఃఖం. తీగకు జాతి ఉంటుందనీ, దానిని కాపాడుకోవాలనీ యూదయ రైతులకు బాగా తెలుసు గనుకనే ఆ ఉపమానం వారి గుండెను తాకింది.

జార్జియా రైతులకూ ఆ సంగతి తెలుసు. వారి రకాల పేర్లలోనే ఆ ఎరుక కనిపిస్తుంది. తూర్పున కఖేతి ప్రాంతంలో ఎక్కువగా పండేవి ర్కాత్సితేలి, సపేరవి. ర్కాత్సితేలి అంటే ఎర్రని కొమ్మ. పండు తెల్లదే గాని తీగకు ఎరుపు జీర ఉంటుంది. సపేరవి అంటే రంగు పట్టించేది. సాధారణంగా నల్లద్రాక్షకు కూడా తొక్కలోనే రంగు ఉంటుంది, లోపలి గుజ్జు తెల్లగా ఉంటుంది. సపేరవికి గుజ్జు కూడా ఎరుపే. ఇవిగాక కఖేతిలోనే కిసి, ఖిఖ్వి, మ్త్స్వానే ఉన్నాయి. నడిమి ప్రాంతమైన కార్త్లిలో చినూరి, పడమట ఇమెరెతిలో త్సిత్స్కా, త్సోలికౌరి, కొండప్రాంతమైన రాచాలో అలెగ్జాండ్రౌలి, ముజురెతులి పండుతాయి. సముద్రం వైపు సమెగ్రెలోలో ఓజలేషి అనే రకం ఉంది. ఆ మాటకు చెట్టు మీద పెరిగేదని అర్థం. ఒకప్పుడు అక్కడ పందిళ్ళు వేసేవారు కారు, తీగను చెట్టుకే ఎక్కించేవారు. ఒక్కో లోయకూ దాని తీగ ఉంది. ఆ మట్టికీ, ఆ చలికీ, ఆ వానకూ అలవాటు పడిన తీగ అది.

ఇంటి నేలలోని పాతర

జార్జియా పల్లెల్లో సొంతంగా ద్రాక్షరసం తీసుకునే ఇంట్లో మరాని అనే గదో, కొట్టమో ఉంటుంది. బయటి నుంచి వచ్చినవారికి అక్కడ ఏ యంత్రమూ కనబడదు. నేలమీద గుండ్రని మూతులు మాత్రం కనిపిస్తాయి. మన పల్లెల్లో ఒకప్పుడు ధాన్యం పాతర వేసేవారు గుర్తుందా, అలాగే అక్కడ పెద్ద మట్టికాగులను మెడ వరకూ నేలలో పాతిపెడతారు. వాటి పేరు క్వెవ్రి. గుడ్డు ఆకారంలో, అడుగు సన్నంగా ఉంటాయి. కొన్నింటిలో వందల లీటర్లు, కొన్నింటిలో వేల లీటర్లు పడతాయి. వాటిని చేసే కుమ్మరి ఒకేసారి కాగును ఎత్తడు. రోజుకు కొంచెం చొప్పున మట్టిచుట్టలు పేర్చుకుంటూ, ఆరనిస్తూ, వారాల తరబడి చేస్తాడు. కాల్చిన తరువాత లోపల తేనెమైనం పూస్తారు. ఇమెరెతిలోని ష్రోషా, కఖేతిలోని వర్దిసుబాని ఈ పనికి పేరుపడ్డ ఊళ్ళు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే విద్య ఇది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోత. దానిని ర్త్వేలి అంటారు. పట్నంలో ఉద్యోగాలు చేసే పిల్లలు కూడా ఆ రోజులకు ఇంటికి చేరతారు. తాతలు, మనవలు, ఇరుగుపొరుగు అంతా కలిసి గుత్తులు కోస్తారు. చెట్టు మొద్దును తొలిచి చేసిన గానుగ తొట్టిలో పండ్లు తొక్కుతారు. కఖేతిలో రసంతోపాటు తొక్కలు, గింజలు, ఒక్కోసారి తొడిమెలు కూడా క్వెవ్రిలో పోస్తారు. రసం పొంగుతున్నన్నాళ్ళూ రోజుకు కొన్నిసార్లు కలపాలి. పొంగు చల్లారాక మూత పెట్టి మట్టితో మూసేస్తారు. గింజలు సన్నని అడుగుకు దిగిపోతాయి. చలి ఎంత ఉన్నా, ఎండ ఎంత కాసినా నేల లోపల చల్లదనం మారదు. వసంతకాలంలో మూత తీస్తారు. తరువాత కాగును కడగడం కూడా పెద్ద పనే. చెర్రీ చెట్టు బెరడుతో చేసిన కుంచెలతో, పెద్ద కాగు అయితే మనిషే లోపలికి దిగి తోముతాడు. ఈ పద్ధతిని యునెస్కో 2013లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ ఇళ్ళలో మరొక ఆచారం ఉండేది. కాగులన్నింటిలో ఒకదానిని ప్రత్యేకించి పక్కన పెట్టేవారు. మేలైన పండ్ల రసం అందులో పోసేవారు. దాని పేరు జెదాషే. అది దేవుని మందిర ఆరాధనకు, పండుగలకు చెందినది. ఇంట్లో ఎంత అవసరం వచ్చినా దానిని ముట్టేవారు కారు. మిగిలినదాంట్లోంచి ఇవ్వడం కాదు, ముందుగానే తీసిపెట్టడం. ప్రథమఫలాల గురించి ధర్మశాస్త్రంలో చదివిన మనకు ఈ ఆచారంలోని ఆంతర్యం వేరే చెప్పనక్కరలేదు.

గొడ్డళ్ళు పడిన కాలాలు

ఇంత పురాతనమైన వరుస నిరాటంకంగా సాగలేదు. 17వ శతాబ్దం తొలినాళ్ళలో పర్షియా చక్రవర్తి షా అబ్బాస్ సేనలు కఖేతిని ధ్వంసం చేశాయి. జనం వేలాదిగా హతమయ్యారు, మరెందరో చెరగా కొనిపోబడ్డారు. తోటలు నేలమట్టమయ్యాయి. 19వ శతాబ్దం చివర ఐరోపా ద్రాక్షను తుడిచిపెట్టిన ఫిలోక్సెరా అనే వేరుపురుగు, బూజు తెగుళ్ళు జార్జియాకూ పాకాయి. తట్టుకోలేని రకాలు చాలా పోయాయి. మిగిలినవాటిని తెగులుకు ఆగే అమెరికా వేరుమొక్కలపై అంటుకట్టి బతికించుకున్నారు.

అసలైన పరీక్ష శాంతికాలంలోనే వచ్చింది. 1921లో జార్జియా సోవియట్ ఏలుబడిలోకి వెళ్ళింది. తోటలు సమష్టి క్షేత్రాలయ్యాయి, ద్రాక్షరసం తీయడం ప్రభుత్వ కర్మాగారాల పనయింది. పైనుంచి వచ్చే ప్రణాళికలో లెక్క ఒక్కటే. ఎన్ని టన్నులు? రుచి, ఊరి పేరు, తాతల నాటి రకం, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. ఎక్కువ దిగుబడి ఇచ్చేవాటిని, ముఖ్యంగా ర్కాత్సితేలిని, విస్తారంగా నాటించారు. తక్కువ కాసే రకాలు వందల సంఖ్యలో పక్కకు పోయాయి. వాటిని ఎవరూ నిషేధించలేదు. అవసరం లేదన్నారంతే. అహాబు ఇస్తానన్న మెరుగైన తోట లాంటిదే ఈ బేరం కూడా.

కానీ ఇంటి చుట్టూ కొద్దిపాటి నేలను సొంతానికి సాగు చేసుకోవడానికి రైతుకు అనుమతి ఉండేది. ఆ కొద్ది సెంట్లలోనే నాబోతులు మిగిలారు. పగలంతా సమష్టి క్షేత్రంలో పనిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి తమ ఊరి తీగకు నీళ్ళు పోసుకున్నారు. వాకిట్లో పందిరికి కిసి, బావి పక్కన ఖిఖ్వి. ఇంటి కాగులో ఇంటి రసం. అవే రోజుల్లో అక్కడ మందిరాలు అనేకం మూతపడ్డాయి, విశ్వాసులు అవమానాలు పడ్డారు. విశ్వాసం కూడా అలాగే ఇళ్ళల్లో, అమ్మమ్మల నోట నిలిచింది. పెద్ద క్షేత్రాల్లో పోయినది పెరట్లో మిగిలింది. లేఖనాల్లో శేషం అనే మాట చదివినప్పుడల్లా మనం దీనిని తలచుకోవచ్చు.

1985లో సోవియట్ అధినేత గోర్బచేవ్ మద్యపానానికి వ్యతిరేకంగా ఉద్యమం మొదలుపెట్టాడు. తాగుడు ఆ దేశాన్ని నిజంగానే పీల్చి పిప్పి చేస్తున్న రోజులవి. ఉద్దేశం మంచిదే. అయితే పలు రిపబ్లిక్కుల్లో, జార్జియాలో కూడా, అధికారులు తోటలకు తోటలే పెకలించారు. కొన్నేళ్ళకే ఉద్యమం సడలిపోయింది, తాగుడు తిరిగొచ్చింది. పెకలించిన తీగలు మాత్రం తిరిగి రాలేదు. దురలవాటు మీద పడాల్సిన గొడ్డలి తీగ మీద పడింది.

రేకాబీయుల సాక్ష్యం

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మేము ఈ పుటలో మద్యాన్ని పొగడడానికి కూర్చోలేదు. తాగుడు మన పల్లెల్లో ఎన్ని కాపురాలను కూల్చిందో మనకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు సారా కొట్టు ముందు నిలబడితే, ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించినా, ఆ తల్లుల కన్నీళ్ళు అబద్ధం కావు. మన సంఘాల్లో చాలాచోట్ల ప్రభువు బల్ల దగ్గర పులియని ద్రాక్షరసమే వాడుతున్నాం. దాని వెనుకా ఒక కుటుంబముంది, ఒక ప్రాంతపు ద్రాక్ష ఉంది. అమెరికాలో మెథడిస్టు విశ్వాసి అయిన థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు 1869లో కాంకర్డ్ ద్రాక్షరసాన్ని వేడిచేసి, పులియకుండా సీసాల్లో నిలువచేయగలిగాడు. బల్ల దగ్గర ఇవ్వడానికే ఆ ప్రయత్నం. తరువాత ఆయన కుమారుడు దానిని పెద్ద వ్యాపారంగా నడిపించాడు. కాంకర్డ్ ద్రాక్షను అంతకు ఇరవై ఏళ్ళ ముందు మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఊళ్ళో ఎఫ్రాయిం బుల్ అనే ఆయన తన ఇంటి తోటలోనే పెంచాడు.

యిర్మీయా 35వ అధ్యాయంలో రేకాబీయుల కుటుంబం కనిపిస్తుంది. వారి పితరుడైన యెహోనాదాబు ద్రాక్షారసం తాగవద్దనీ, ద్రాక్షతోట నాటవద్దనీ ఆజ్ఞాపించాడు. తరాలు గడిచినా వారు ఆ మాట తప్పలేదు. ప్రవక్త స్వయంగా మందిరపు గదిలోకి తీసుకువెళ్ళి పాత్రలు ముందుపెట్టినా ముట్టలేదు. దేవుడు వారిని మెచ్చుకున్నాడు, ఆ వంశంలో తన సన్నిధిని నిలిచేవాడు లేకపోడని వాగ్దానం చేశాడు. నాబోతు తోటను వదలనన్నాడు. రేకాబీయులు తోటే నాటమన్నారు. చూడటానికి ఇవి ఎదురెదురుగా ఉన్నాయి. రెండు చోట్లా నిలిచింది మాత్రం అప్పగింతను కాపాడే నమ్మకత్వం. జార్జియా తోటల నుంచి మనం నేర్చుకోవలసింది కూడా ఆ నమ్మకత్వాన్నే, పాత్రలోని రసాన్ని కాదు.

మూసుకున్న తలుపు, తెరుచుకున్న కాగు

1991లో జార్జియా స్వతంత్రమైంది. ప్రభుత్వ కర్మాగారాలు కుప్పకూలాయి, అంతర్యుద్ధం వచ్చింది. దేశపు ద్రాక్షారసం అమ్ముడయ్యేది ప్రధానంగా రష్యాలోనే. కల్తీ సరుకు కూడా జార్జియా పేరు మీద చాలా చలామణి అయింది. 2006 మార్చిలో నాణ్యత లోపించిందంటూ రష్యా దిగుమతిని నిషేధించింది. రాజకీయ కక్షతోనే అలా చేసిందని జార్జియా వాదించింది. ఏదేమైనా ఎగుమతుల్లో అత్యధిక భాగం ఒక్క దెబ్బతో ఆగిపోయింది. ఆ నిషేధం 2013 వరకు సాగింది.

కష్టం వచ్చాక గాని పెరట్లోని నిధి విలువ తెలియలేదు. టన్నుల లెక్కన అమ్ముకునే దారి మూసుకుపోయాక, కొత్త దేశాల్లో కొనేవారికి ఏమివ్వాలన్న ప్రశ్న వచ్చింది. అందరి దగ్గరా ఉన్నదే తామూ ఇస్తే ఎవరూ తీసుకోరు. తమ దగ్గర మాత్రమే ఉన్నదేమిటి? తాతల కాగులు, ఊరి తీగలు. ఇంటి కోసం కొద్దిగా తీసుకునే కుటుంబాలు తమ పేరుతో సీసాల్లో నింపడం మొదలుపెట్టాయి. కార్త్లిలోని చర్దఖి గ్రామంలో ఇయాగో బితరిష్విలి తన చిన్న తోటలో స్థానికమైన చినూరి రకాన్నే నమ్ముకున్నాడు. ఇమెరెతిలో రమజ్ నికోలాద్జే త్సోలికౌరి, త్సిత్స్కా రకాలను పట్టుకుని నిలిచాడు. అక్కడ కాగులను ఆరుబయటే పాతే అలవాటు ఉంది. 2006లోనే, 6వ శతాబ్దంలో వెలసిన అలవెర్ది మఠంలో పాత కాగుల గదిని మళ్ళీ తెరిచారు.

మరాని అంటే మగవారి చోటని అక్కడ పాత అభిప్రాయం. ఇయాగో భార్య మరీనా కుర్తానిద్జే 2012లో ఒక స్నేహితురాలితో కలిసి మ్త్స్వానే ద్రాక్షతో సొంతంగా రసం తీసి, దానికి మందిలి అని పేరు పెట్టింది. మందిలి అంటే స్త్రీ తలమీద కప్పుకునే వస్త్రం. ఇద్దరు మగవారు కత్తులు దూసుకున్నప్పుడు మధ్యలో స్త్రీ తన మందిలిని పడవేస్తే పోరు ఆగిపోవాలన్నది కాకేసస్ మర్యాద. వారసత్వాన్ని మోయడానికి కొడుకులే అక్కరలేదని ఆమె నెమ్మదిగా రుజువు చేసింది.

ప్రభుత్వం కూడా మేల్కొంది. మ్త్స్‌ఖేతా సమీపంలోని జిఘౌరాలో నాలుగు వందలకు పైగా స్థానిక రకాలను ఒకేచోట నాటి కాపాడుతున్నారు. వాటిలో కొన్నింటి కోసం పల్లెపల్లే వెదకి, ముసలివారి పెరళ్ళలోంచి కొమ్మలు అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. అందరూ వదిలేశాక కూడా నీళ్ళు పోసినవారు లేకపోతే అక్కడ నాటడానికి కొమ్మ ఉండేది కాదు.

అయితే కథ సుఖాంతమైందనుకోవద్దు. 500 పైచిలుకు రకాల్లో మార్కెట్టుకు చేరేవి నేటికీ కొన్ని పదులే. తోటల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ర్కాత్సితేలి, సపేరవిలదే. నిషేధం తొలగాక మళ్ళీ రష్యాయే పెద్ద కొనుగోలుదారు అయింది. క్వెవ్రి చేయడం వచ్చిన కుమ్మరులు కొద్దిమందే ఉన్నారు. పల్లె పిల్లలు పట్నాలకు, పరదేశాలకు పోతున్నారు. ప్రతి తరమూ మళ్ళీ మొదటి నుంచి నిర్ణయించుకోవాల్సిందే.

మన పందిరి మాటేమిటి?

ఇదంతా పరాయి దేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. హైదరాబాదుకూ ఒక ద్రాక్ష ఉండేది. అనాబ్-ఎ-షాహీ, అంటే రాజద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దానిని ఇక్కడికి తెచ్చాడని చెబుతారు. పెద్ద పెద్ద గుత్తులు, కోలగా లేత పసుపు వన్నెలో గింజ ఉన్న పండ్లు. నగరం చుట్టుపక్కల పందిళ్ళ మీద అల్లించి, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొమ్మలు కత్తిరించి పెంచేవారు. మేడ్చల్, శామీర్‌పేట వైపు వెళితే పందిళ్ళే కనిపించేవని పెద్దలు గుర్తు చేసుకుంటారు. గింజలేని రకాలకు గిరాకీ పెరిగింది, భూముల ధరలు ఆకాశాన్నంటాయి, నగరం తోటలను మింగేసింది. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంలో రకాలను కాపాడుతున్నారు గాని, ఆ పాత తోటలు చాలామటుకు లేఅవుట్లయ్యాయి. ఇక్కడ ఏ చక్రవర్తీ దండెత్తలేదు. మంచి ధర వచ్చింది, అంతే. అమ్ముకున్న రైతును తప్పుపట్టే హక్కు మనకు లేదు. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, బోరు ఎండిపోవడం, ఎవరి అవసరం వారిది. కానీ మంచి ధర వచ్చినప్పుడు పోయేదేమిటో తెలిసి అమ్మడం వేరు, తెలియక అమ్మడం వేరు.

మనకు అప్పగించబడిన మరో స్వాస్థ్యం గురించి ఇక ఆలోచిద్దాం. మన తాతముత్తాతల్లో మొదట ప్రభువును నమ్మినవారు ఎంత వెల చెల్లించారో ప్రతి కుటుంబంలో ఒక కథ ఉంటుంది. ఊరు వెలివేసినా నిలబడిన తాత, అక్షరం రాకపోయినా కీర్తనలన్నీ కంఠతా పట్టిన నాయనమ్మ, వానలో తడుస్తూ ఏడు మైళ్ళు నడిచి ఆరాధనకు వెళ్ళిన పెద్దమ్మ. ఆ కథలు మన పిల్లలకు తెలుసా? క్రైస్తవ ఇంట్లో పుట్టారు గనుక వారికి విశ్వాసం దానంతటదే వస్తుందని మనం అనుకుంటున్నామేమో. గింజ నాటితే ద్రాక్ష జాతి రాదు. విశ్వాసం కూడా పుట్టుకతో రాదు, ఇంటిపేరుతో రాదు. తిమోతి తల్లి యునీకేను, అవ్వ లోయిని పౌలు పేరుపెట్టి తలచుకున్నది అందుకే. ఒక చేయి ఇంకొక చేతికి అందించింది.

యోహాను సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు తనను ద్రాక్షావల్లితోనూ, మనలను తీగెలతోనూ పోల్చాడు. తండ్రిని వ్యవసాయకుడన్నాడు. వ్యవసాయకుడి చేతిలో కత్తి ఉంటుంది. కత్తిరించడం పాడుచేయడానికి కాదని జార్జియా రైతుకూ, మన పందిరి రైతుకూ తెలుసు. ఆ కోత నుంచే రాలిన కొమ్మ మరో చోట నాటుకోవడానికి పనికొస్తుంది. ఒక కుటుంబానికి వచ్చిన కష్టం కూడా ఒక్కోసారి అలాగే మరో తరానికి తీగ అవుతుంది.

చలికాలం చివర్లో కఖేతి రైతు కోసిన కొమ్మను చూస్తే ఎవరికీ ఆశ కలగదు. ఆకు ఉండదు, పచ్చదనం ఉండదు. జానెడు ఎండుపుల్ల. పొయ్యిలో పెట్టినా ఎవరూ అడగరు. దానిలో వెయ్యేళ్ళ జాతి ఉందని తెలిసినవాడు మాత్రమే దానిని తడిగుడ్డలో చుట్టి దాచి, నేల వేడెక్కగానే నాటతాడు. ఈ వారం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు మన ముందుండేది కూడా అలాంటి పుల్లే కావచ్చు. నిద్రకళ్ళతో ఉన్న పిల్లవాడు, ఫోన్ మీద చూపు తిప్పని అమ్మాయి, సగమే పాడిన పాట. అయినా నాటుదాం. మొలిపించే దేవుడున్నాడు.